పడమర గోడకి కిటికీలు పెట్టించకండి, కమిటీ పెద్దలూ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్త మసీదు కట్టినా, పాతది పడగొట్టి కట్టినా వరస ఒకటే. పునాది, స్లాబు, మీనార్లు, చందా ఇంకా మిగిలితే షాండిలియర్. వెలుతురు ఊసు ఎత్తేది ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజునే. అప్పటికి చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగలదు. "ఏటవుతాది భాయ్, ఇంకో నాలుగు లైట్లు ఏసేద్దాం" అంటాడు కాంట్రాక్టరు. కమిటీ తలూపుతుంది.

అసలు తప్పు పడమర గోడ దగ్గర జరుగుతోంది. మనకి కిబ్లా, అంటే నమాజులో మొహం తిప్పే మక్కా దిక్కు, దాదాపు పడమర. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే పడమర నుంచి ఉత్తరానికి 12 డిగ్రీలు. ఏప్రిల్ 20 ప్రాంతంలోనూ ఆగస్టు 22 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా ఆ గీత మీదే అస్తమిస్తాడు. అసర్ (సాయంత్రపు నమాజు) జమాత్ వేళకి మిహ్రాబ్ (కిబ్లా గోడలో ఇమాం నిలబడే గూడు) వెనకాల కిందికి దిగుతూ ఉంటాడు. ఆ గోడకి అటూ ఇటూ రెండు గాజు కిటికీలు పెడితే ఏమవుతుంది? వరసల్లో నిలబడ్డవాళ్ల కళ్లలో ఎండ సూటిగా పొడుస్తుంది. కిటికీ మెరుస్తుంటే పక్కనున్న మిహ్రాబ్ నల్లటి గుంతలా కనిపిస్తుంది. జుమా (శుక్రవారం) రోజు ఎండ నేరుగా పడకపోయినా, వెనక ఆకాశపు వెలుగుకి మింబర్ (మెట్ల పీఠం) మీద ప్రసంగించే ఖతీబ్ మొహమే కనపడదు. దాంతో కర్టెన్ వేస్తారు, పట్టపగలు ట్యూబులైట్లు వేస్తారు. డబ్బు పెట్టి కొన్న కిటికీకి మళ్లీ డబ్బు పెట్టి గుడ్డ కప్పడం అన్నమాట.

"ఇస్తాంబుల్‌లో పెట్టారు కదా" అని వాట్సాప్ ఫొటో చూపిస్తారు. నిజమే, 1557లో పూర్తయిన సులేమానియే మసీదులో కిబ్లా గోడకే రంగు అద్దాలున్నాయి. కానీ అక్కడ కిబ్లా ఆగ్నేయం. సాయంత్రపు వాలు ఎండ ఆ గోడ మీద పడదు. పైగా రంగు అద్దాలు వెలుగుని సగానికి సగం మింగేస్తాయి. షీరాజ్‌లోని నాసిర్ అల్ ముల్క్ మసీదు ఫొటోలో తివాచీ మీద రంగులు పరుచుకునేది కూడా పొద్దుటి ఎండకే. ఆ ఫొటో చూసి మనవాళ్లు మామూలు గాజుకి రంగు ఫిల్ము అంటిస్తున్నారు. మన ఎండకి అది వెలిసిపోయి బుడగలు లేస్తుంది.

సరే, మరి వెలుతురు ఎక్కణ్ణుంచి రావాలి? ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి, పైనుంచి. తేమ, వేడి కలిసిన మన వాతావరణానికి నేల వైశాల్యంలో ఆరో వంతు కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతోంది, అదీ తలుపులు కాకుండా. 40 అడుగులకు 30 హాలంటే 200 చదరపు అడుగులు. మన కొత్త మసీదుల్లో ఏసీ పేరు చెప్పి ఇందులో సగం కూడా వదలట్లేదు. లింటెల్ (కిటికీ పైన పోసే దూలం) ఎత్తు కూడా చూడాలి. పగటి వెలుతురు కిటికీ పై అంచు ఎత్తుకి రెండు, రెండున్నర రెట్లు మాత్రమే లోపలికి వెళ్తుంది. మామూలు ఇంటి లెక్కన 7 అడుగులకే లింటెల్ పోస్తే 14 నుంచి 17 అడుగుల దగ్గర వెలుతురు ఆగిపోతుంది. 9 అడుగులకి లేపితే 18 నుంచి 22 దాకా వస్తుంది, అంటే రెండు పక్కల నుంచీ వచ్చి నడి వరసలో కలుస్తుంది.

ఎండ దక్షిణం నుంచే వస్తుందని ఉత్తరం వైపు సన్‌షేడ్ మానేయకండి. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మనకి మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి ఒరిగి ఉంటాడు.

జాలీ (కన్నాల పలక) విషయంలో కూడా చిన్న లెక్క ఉంది. కన్నం ఎంత ఎత్తుంటే జాలీ అంత మందం ఉండాలి. అప్పుడు 45 డిగ్రీల పైనుంచి వచ్చే ఎండ నేరుగా లోపల పడదు, వెలుతురు మాత్రం వస్తుంది. బజార్లో దొరికే రెండంగుళాల మందం సిమెంటు జాలీకి ఐదంగుళాల కన్నాలుంటే ఎండ ఆగదు. మేస్త్రీ చేత సగం ఇటుక గోడలో నాలుగేసి అంగుళాల ఖాళీలు వదిలి పేర్పించడం మేలు. వాన జల్లుకి లోపలి వైపు చెక్క రెక్కలు చాలు. 2014 హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూశాక కూడా ఇక్కడ గోడంత గాజు పలకలు బిగించేవాళ్లకి దణ్ణం. తిత్లీ తర్వాత చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేని కాలంలో కట్టిన శ్రీకాకుళం జామియా మసీదులో ఐదు పూటలా నమాజు జరిగిందని మర్చిపోకూడదు.

గుంబజ్ (గుండ్రటి గోపురం) సంగతి ఇంకా దారుణం. హాలు మీద స్లాబు మొత్తం మూసేసి, దాని మీద గుంబజ్ పోస్తున్నారు. రోడ్డు మీద వెళ్లేవాడికి గుంబజ్, లోపలున్నవాడికి సాదా స్లాబు. స్లాబు రోజునే రింగ్ బీమ్‌తో గుండ్రంగా ఖాళీ వదిలి, దాని మీద రెండు మూడడుగుల గోడ లేపి, చుట్టూ ఎనిమిది చిన్న కిటికీలు వదిలితే హాలు నడిమధ్యకి వెలుతురూ దిగుతుంది, వేడిగాలీ పైకి పోతుంది. మన దక్కన్‌లోనే 1367 నాటి గుల్బర్గా జామా మసీదుకి లోపల ఆవరణ లేదు, అంతా కప్పే. పక్కల కమానులూ పైన గుంబజ్ కింది కిటికీలూ దాన్ని నడిపిస్తున్నాయి.

ఈ గుంబజ్ కిటికీలు కారతాయని మూయించేస్తారు. కారేది కిటికీ వల్ల కాదు, అడుగు చట్టం లోపలికి వాలి ఉండటం వల్ల. వాలు బయటికి ఇచ్చి, సన్‌షేడ్ అంచు కింద అరంగుళం గాడి తీస్తే నీళ్లు గోడ పట్టుకుని రావు. పావురాలకి అరంగుళం వెల్డ్ మెష్.

లోపల రంగు తెలుపు. తెల్ల గోడ తన మీద పడ్డ వెలుగులో 80 శాతం దాకా తిరిగి ఇస్తుంది. మా టెక్కలి నీలి గ్రానైట్ అంటే మాకూ గర్వమే, కానీ దాన్ని అద్దంలా పాలిష్ చేసి కిబ్లా గోడకి తొడిగితే వెనక తలుపూ, వచ్చేపోయేవాళ్లూ ఎదురుగా మెరుస్తుంటారు. వాడాలనుంటే వుజూ (నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే) అరుగులకి వాడుకోండి, పాలిష్ లేకుండా.

గోడ మొదలెట్టేముందు కిబ్లా కూడా వెలుతురుతోనే సరిచూసుకోవచ్చు. ఏటా మే 28న (కొన్నేళ్లు 27న) మన టైము మధ్యాహ్నం 2:48కి సూర్యుడు మక్కా నడినెత్తిన ఉంటాడు. తూకంగుండు దారం వేలాడదీసి నీడ గీసుకోండి. నీడ పడ్డ వైపుకి సరిగ్గా ఎదుటి వైపు కిబ్లా. జులై 16న 2:57కి మళ్లీ ఈ అవకాశం వస్తుంది, కాకపోతే మన దగ్గర అప్పుడు మబ్బులు.

ఇక కరెంటు లైట్లు. స్విచ్‌లు వరసల వారీగా విడదీయండి, ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజుకి) వచ్చే రెండు వరసలకి హాలంతా వెలిగించక్కర్లేదు. 6500 కెల్విన్ నీలం తెలుపు బల్బుల బదులు కాస్త వెచ్చటి తెలుపు 4000 తీసుకోండి. మిహ్రాబ్ లోపల లైటు కమాను అంచు వెనక దాగాలి, గోడ వెలగాలి గానీ బల్బు కనపడకూడదు. ఖురాన్ నూర్ సూరా 35వ ఆయత్‌లో గూడూ దీపమూ చదువుకున్నవాళ్లం, ఆ గూటి చుట్టూ పరిగెత్తే రంగుల సీరియల్ సెట్ ఎలా పెడుతున్నామో! దాని పక్కనే నమాజు వేళల డిజిటల్ బోర్డు, సరిగ్గా కంటి ఎత్తులో ఎర్ర అంకెలు మినుకుమినుకుమంటూ. దాన్ని వెనక గోడకి మార్చడానికి రెండు స్క్రూలు, కాస్త వైరు, ఒక అరగంట పని.