జరిమానా కట్టుకోవడమే చవక

ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలో నాగావళి, వంశధార, మహేంద్రతనయ ఒడ్డునున్న చిన్న పట్టణాల్లో చెత్త గుట్టలను తొలకరి పడ్డాక చూడాలి. గుట్ట అడుగునుంచి డికాషన్ రంగు నీరు సన్నగా కారి పక్క మడిలోకి దిగుతుంటుంది. ఆ మడిలో కాలుపెట్టిన రైతుకు దురద. ఎండాకాలమైతే పొగ. నిప్పు ఎవరు పెట్టారని అడిగితే, దానంతటదే అంటుకుందంటారు.

చట్టం లేక కాదు. చెత్త పూడ్చే ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువులకు, ఇళ్లకు 200 మీటర్ల ఎడంగా ఉండాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. పాత గుట్టల సంగతి ఐదేళ్లలో తేల్చాలన్నాయి. ఆ గడువు 2021లోనే తీరిపోయింది. పని చేయని పురపాలక సంఘాలు 2020 ఏప్రిల్ నుంచి నెలనెలా పరిహారం కట్టాలని, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. జనాభా 10 లక్షలు దాటితే నెలకు 10 లక్షల రూపాయలు, 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే 5 లక్షలు, అంతకు తక్కువైతే లక్ష. మన ఊళ్లన్నీ ఆ చివరి పద్దులోవే.

ఇక్కడే ఉంది తిరకాసు. పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి, వేరుచేయడానికి స్వచ్ఛ భారత్ మిషన్ టన్నుకు సుమారు 550 రూపాయలు లెక్కగట్టింది. 20 వేల టన్నుల గుట్ట అనుకుందాం. ఖర్చు కోటీ పది లక్షలు. జరిమానా ఏడాదికి 12 లక్షలు. అంటే తొమ్మిదేళ్లు జరిమానా కట్టుకుంటూ కూర్చున్నా గుట్ట తీయించడం కన్నా చవకే. అదీ నిజంగా వసూలు చేస్తేనే. కాగితం మీద బాకీగా ఉండిపోతే ఆ చవకకు హద్దే లేదు.

అలాగని జరిమానా పదింతలు పెంచండని మేం అనడం లేదు. కట్టేది మన హోల్డింగ్ ట్యాక్స్, అంటే ఇంటి పన్ను లోంచే. ఖజానాలో డబ్బు తగ్గితే ముందు కోత పడేది పారిశుధ్య కార్మికుల జీతానికి, చేతి తొడుగులకు. ట్రైబ్యునల్ అదే ఉత్తర్వులో మరో రెండు మాటలు చెప్పింది. స్థానిక సంస్థ కట్టలేకపోతే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. పని చేయించని అధికారి సర్వీసు రికార్డులో ప్రతికూల వ్యాఖ్య రాయాలి. మా దృష్టిలో లక్ష రూపాయల కన్నా పదునైనది ఆ రెండో మాటే. ముందు దాన్ని అమలు చేయాలి. వసూలైన ప్రతి రూపాయీ ఏ గుట్ట మీద పడిందో ఆ గుట్టకే ఖర్చు పెట్టాలి. జల, వాయు చట్టాల కింద పర్యావరణ నష్టపరిహారం కాలుష్య నియంత్రణ మండళ్లే విధించవచ్చని, అందుకు నియమాలు చేసుకోవాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కనుక, అధికారం మా చేతిలో లేదన్న మండళ్ల సాకు ఇక చెల్లదు.

మనమూ తక్కువేం కాదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని బండితో వచ్చే ఆడవాళ్లు రోజూ మొత్తుకుంటారు. మనం అన్నం మెతుకులు, పాత బ్యాటరీలు, కోడి ఈకలు ఒకే కవర్లో ముడివేసి చేతిలో పెడతాం.

నాగావళి ఇక్కణ్నుంచి శ్రీకాకుళం పోతుంది. వంశధార, మహేంద్రతనయ ఆంధ్రలోకి దిగి అక్కడ కలుస్తాయి. మనం విసిరినది తేలేది మన చుట్టాల ఊళ్లలోనే. వంశధార నీటి వాటాల కోసం రెండు రాష్ట్రాలూ నీటి వివాదాల ట్రైబ్యునల్ దాకా వెళ్లి ఏళ్లకేళ్లు వాదించుకున్నాయి. ఆ నీళ్లలో ఏం కలుస్తోందన్నది మాత్రం ఎవరి వాటాలోకీ రాలేదు.

ప్రతి చెత్త యార్డు గేటు దగ్గరా ఒక బోర్డు పెట్టమని పురపాలక సంఘాలను అడుగుతున్నాం. ఎంత జరిమానా పడింది, ఎంత కట్టారు, ఎన్ని టన్నులు తీశారు, నెలనెలా రాయాలి. ఒడియాలోనూ, తెలుగులోనూ. దానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఒక రేకు, రెండు కర్రలు చాలు.