ఉద్యోగం మారితే ఆఫీసు స్నేహాలూ పోతాయా?
ఆఫీసు స్నేహాలు ఆఫీసు గేటు దాకానే, ఉద్యోగం మారగానే చెదిరిపోతాయని కొందరు అంటారు. నా విషయంలో అలా జరగలేదు. 1999లో హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్‌గా చేరాను. కంప్యూటర్లో తెలుగు కొట్టి పేజీలు కూర్చే పని. పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. ఒత్తు ఒకచోట కొడితే ఇంకోచోట పడేది. ప్రూఫ్ రీడర్ మాస్టారు ఎప్పుడూ కసురుకోలేదు. పక్కన స్టూలు వేసుకుని, పైకి చదువుతూ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, "మళ్లీ చూసుకో నాన్నా" అనేవారు. తెలుగు నాకు నిజంగా వచ్చింది అక్కడే. 2000 ఆగస్టు వరదల్లో దోమలగూడలో నా గది మునిగితే మూడు రాత్రులు ప్రెస్సులోనే, కాగితం బండిళ్ల మీద పడుకున్నాను. బైండింగ్ చేసే అక్క రోజూ రెండు డబ్బాలు తెచ్చేది, ఒకటి నాకు. ఆమె జీతం నాకంటే తక్కువ. ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు. మాస్టారికి ఎనభై దాటాయి. మొన్న మా అమ్మాయి శుభలేఖ ముందు ఆయనకే చూపించాను. భూతద్దం పట్టుకుని చదివి, "ముహుర్తం" అని ఉన్నచోట ఎర్ర పెన్నుతో దీర్ఘం పెట్టి ఇచ్చారు.