ప్రేమవిందు గుండిగ గారికి బహిరంగ లేఖ

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

అయ్యా, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వండే పెద్ద గిన్నె గుండిగ గారూ,

మందిరం వెనక రేకుల షెడ్డులో, గాడిపొయ్యి మీద తమరు కొలువుతీరారంటే ఆ ఆదివారం మా స్త్రీల సమాజానికి ఆరాధన మీ చుట్టూతానే. ఉల్లిపాయలు కోస్తూ ప్రారంభ కీర్తన, చికెన్ కడుగుతూ విజ్ఞాపన ప్రార్థన, ఎసరు మరిగేసరికి వాక్యం. ప్రభువు బల్ల వేళకు ఎవరో వచ్చి "రండక్కా, రొట్టె పంచుతున్నారు" అంటే మసి చేతులు కొంగుకు తుడుచుకుని పరుగు. కళ్ళు మూసుకున్న ఆ కాసేపూ మీరే కనపడతారు, అడుగంటుతారేమోనని.

పోయిన విందునాటి ప్రసంగం స్పీకర్లో తమరూ వినే ఉంటారు. లూకా పదో అధ్యాయం: యేసు ఇంటికొస్తే పనుల్లో మునిగిపోయిన మార్త, ఆయన పాదాల దగ్గర కూర్చుని వాక్యం విన్న ఆమె సహోదరి మరియ. "మన అక్కలు కూడా పనులు తగ్గించుకుని మరియలా పాదాల దగ్గర కూర్చోవాలి" అని హెచ్చరిక. హెచ్చరించినాయనే మధ్యాహ్నం రెండోసారి కూర అడిగారు. వడ్డించాను, ఏం చేస్తాను, మార్తను కదా.

ప్రభువు మార్తను మందలించింది వండినందుకు కాదండీ, విచారపడి తొందరపడినందుకు. యోహాను పన్నెండులో వాళ్ళ ఊరు బేతనియలో ఆమె మళ్ళీ ఉపచారం చేస్తూనే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళ సహోదరుడు లాజరు చనిపోయినప్పుడు మరియ ఇంట్లో కూర్చుని ఉంటే, ఊరి బయటికి ఎదురెళ్ళి "నీవు దేవుని కుమారుడవైన క్రీస్తువని నమ్ముచున్నాను" అన్నది మార్తే. ఈ భాగం మీద ప్రసంగం మన షెడ్డుదాకా ఇంతవరకూ వినపడలేదు.

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం సంగతి ఇంకా బాగుంటుంది. విధవరాండ్రకు అన్నం సరిగా అందడం లేదని గొడవొస్తే పంపిణీకి ఏడుగురిని ఏర్పాటు చేశారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... ఏడుగురూ మగవాళ్ళే! పైగా ఆ స్తెఫను యూదుల మహాసభ ముందు చేసిన ప్రసంగం ఏడో అధ్యాయమంతా ఉంది. అన్నం పంచిన చేతికి వాక్యం రాకుండా పోలేదన్నమాట. తిబెరియ సముద్రతీరాన నిప్పులమీద చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, "రండి భోజనము చేయుడి" అని శిష్యులను పిలిచింది సాక్షాత్తూ తిరిగిలేచిన ప్రభువు. మా పెద్దల కమిటీ మాత్రం మీ దరిదాపులకు రాదు. పొగ పడదట.

అలాగని తమరు నిర్దోషులనుకోవద్దు. ఉపవాస ప్రార్థనకు పిలిస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పే మావాళ్ళు మీ పక్కన పొద్దున్నుంచీ నిలబడతారు, ఏ నొప్పీ రాదు. గరిటె చేతిలో ఉంటే మనసు ఏమీ అడగదు. ఒంటరిగా మోకరిస్తే అత్తతో మాట్లాడక ఎన్నాళ్ళయిందో, చీటీ డబ్బులు ఎవరికి ఎగ్గొట్టామో అన్నీ గుర్తొస్తాయి. మీ వెనక దాక్కోవడమే హాయి. దానికి సేవ అని పేరు కూడా ఉంది.

ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను చరిత్ర చూడండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు కొండెక్కి ప్రార్థన చేశారు. తర్వాత 1876-78 ధాత కరువులో మరో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. కొండా కాలువా రెండూ ఆ మిషనువే. కాలువ తవ్వేవాణ్ణి పట్టుకుని "నువ్వు కొండెందుకు ఎక్కలేదు" అని మైకులో అడిగినవాళ్ళు మాత్రం లేరు.

కాబట్టి వచ్చే విందుకు కట్టెలూ తెడ్డూ కమిటీవారివి. మేం ముందు వరసలో కూర్చుంటాం, కొంగులకు మసి లేకుండా. ఎసరెంతో అడగడానికి వాక్యం మధ్యలో ఎవరినీ మా దగ్గరికి పంపనివ్వకండి. అన్నం ముద్దయినా తింటాం.

ఇట్లు,
స్త్రీల సమాజంలో ఒక మార్త