సొమ్ము ఇవ్వండి, పగ్గాలు అడగకండి

2025 అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించాక విశాఖలో ఎక్కడ చూసినా పెట్టుబడుల ముచ్చటే. ఈ సందడిలోనే ఒక ప్రశ్న తేల్చుకోవాలి. స్టార్టప్‌లలో డబ్బు పెట్టేవారు పౌరహక్కుల కోసం, చట్టాల మార్పు కోసం పోరాడే సంఘాలకూ ఇవ్వాలా? ఇచ్చి తీరాలన్నది మా అభిప్రాయం.

ఇది దానధర్మాల మాట కాదు, ఇన్వెస్టర్ల సొంత మేలూ ఇందులో ఉంది. నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న నెట్ న్యూట్రాలిటీ కోసం 2015లో లక్షల మంది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఈమెయిళ్లు పంపారు. ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో డేటా రేటు పెట్టడాన్ని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ నిషేధించింది. లేకుంటే పెద్ద కంపెనీల యాప్‌లు ఉచితమై, విశాఖ మధురవాడ కుర్రాళ్లు చేసిన యాప్‌కు మాత్రం జనం డేటా ఖర్చు పెట్టాల్సి వచ్చేది. నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం చెల్లదనీ, నెట్‌లో వ్యాపారానికి రాజ్యాంగ రక్షణ ఉందనీ 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టుకెక్కింది వ్యాపారులు కాదు, అనురాధా భాసిన్ అనే పత్రికా సంపాదకురాలు.

మన ఉమ్మడి విశాఖ జిల్లా సంగతే చూడండి. అనంతగిరి మండలంలో గనుల లీజులపై ఆదివాసీ హక్కుల సంస్థ సమత పోరాడితే, షెడ్యూల్డ్ (ఆదివాసీ) ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. వాకపల్లి ఆదివాసీ మహిళలు పోలీసులపై 2007లో చేసిన అత్యాచార ఫిర్యాదుపై విశాఖ కోర్టు తీర్పు 2023లో గానీ రాలేదు. దర్యాప్తు సరిగా జరగలేదంటూ పోలీసులపై కేసు కొట్టేసిన కోర్టు, ఆ మహిళలకు పరిహారం చెల్లించమంది. అన్నేళ్లు కేసు నడవాలంటే ఏం కావాలి? వాయిదా వాయిదాకూ ఏజెన్సీ నుంచి బస్సు ఛార్జీలు, రాత్రికి బస, పోయిన కూలి, సర్టిఫైడ్ కాపీలు, సాక్షి మాటను కోర్టుకు వినిపించే దుబాసీ. ఫీజు కోసం చూడని వకీళ్లు దొరికినా ఈ ఖర్చులు తప్పవు.

అయితే ఏ జేబులోంచి ఇవ్వాలన్నది ముఖ్యం. వెంచర్ ఫండ్‌లో ఉన్నది పరుల సొమ్ము, లాభం తెచ్చిపెడతారని నమ్మి అప్పగించినది. దాన్ని ముట్టుకోకూడదు. లాభాల్లో తన వాటా చేతికొచ్చాక ఇన్వెస్టరు సొంతంగా ఇవ్వాలి, ఎవరికి ఎంత ఇచ్చారో బయటపెట్టాలి. పార్టీలకిచ్చే చందాలు వేరు, వాటిని ఈ ఖాతాలో కలపవద్దు.

డబ్బుతో పాటు పెత్తనం వస్తుందన్న భయం నిజమే. అప్పు తీసుకున్నవారి ఫోన్‌లోని నంబర్లన్నీ లాగేసి, బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీసిన లోన్ యాప్‌లను తెలుగు జనం మరచిపోలేదు. యాప్‌లు కాంటాక్టుల జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించేలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. అలాంటి యాప్‌లో వాటా ఉన్న మనిషి దగ్గర డబ్బు పుచ్చుకున్న సంఘం రేపు దానిపై నోరు విప్పగలదా? మానవ హక్కుల వేదిక వంటివి సంస్థల నిధులు ముట్టకుండా సభ్యుల చందాలతో నడుస్తున్నది ఇందుకే. ఆ నియమాన్ని గౌరవించాలి, వారిని ఒత్తిడి చేయరాదు.

తీసుకునే సంఘాలకు కనీసం అయిదేళ్ల పాటు, ఫలానా కేసుకే వాడాలన్న షరతు లేకుండా ఇవ్వాలి. కార్యవర్గంలో కుర్చీ అడగరాదు. తాను పెట్టుబడి పెట్టిన కంపెనీ మీద ఆ సంఘం కేసు వేసినా సాయం ఆపనని ముందే రాసివ్వాలి. అలా రాసివ్వడానికి వెనకాడేవారి సొమ్మును సంఘాలు తిప్పి పంపడమే మేలు.