పేరు బార్‌ది, పని బోర్డుది

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధ విమానానికి వీడ్కోలు పలికినప్పటి నుంచి ఫైటర్ పైలట్ల కథలకు మన దగ్గర గిరాకీ మామూలుగా లేదు. అందులోనూ జనాన్ని ఊపేస్తున్నది విమానం కాదు, విమానం దిగాక జరిగే తంతు. అమెరికా ఫైటర్ స్క్వాడ్రన్లకు, అంటే యుద్ధ విమాన దళాలకు, సొంత బార్ ఉంటుందట. టోపీ పెట్టుకుని లోపల అడుగుపెడితే గంట కొట్టేస్తారట, ఆ రౌండు ఖర్చు టోపీవాడిదేనట. ఎవడో ‘డెడ్ బగ్’ అని అరిస్తే అందరూ వెల్లకిలా పడి కాళ్లూ చేతులూ పైకెత్తాలట, ఆఖరున పడినవాడి జేబు ఖాళీ. జెరెమయా వీడ్ అనే ఘాటు లిక్కర్, స్నూకర్ టేబుల్ చుట్టూ తోసుకుంటూ ఆడే ‘క్రడ్’, కేకలూ ఈలల మధ్య కొత్త పైలట్‌కి పెట్టే కాల్‌సైన్ అనే మారుపేరు. విజయవాడ, గుంటూరుల్లో డిఫెన్స్ కోచింగ్‌కి వెళ్లే పిల్లలు నోరెళ్లబెట్టి వింటున్నారంటే అర్థముంది. నలభై దాటిన ఆఫీసర్లు కూడా ‘అదీ టీమ్ అంటే’ అని వాట్సాప్ గ్రూపుల్లో తోసేస్తున్నారు.

నా పేచీ ఆ మాటతోనే. స్క్వాడ్రన్‌ని స్క్వాడ్రన్‌గా నిలబెట్టేది బార్ కాదు. తెల్లబోర్డు, తెర, నాలుగు కుర్చీలు ఉండే డీబ్రీఫ్ గది, అంటే ఎగిరి దిగాక జరిగిందంతా తవ్వి చూసుకునే గది. ఆ గది కష్టాన్ని బార్ తన ఖాతాలో వేసుకుంటోంది.

డీబ్రీఫ్ ఎలా నడుస్తుందో చూడండి. గంట ఎగిరితే దాని మీద రెండు మూడు గంటలు కూర్చుంటారు. గదిలో ర్యాంకు చెల్లదు. కర్నల్ అయినా లెఫ్టినెంట్ అయినా కలిసి ఎగిరిన ఆ ఫార్మేషన్‌లో నంబర్ వన్, నంబర్ టూ, అంతే. కాక్‌పిట్ రికార్డింగ్ తెర మీద నడుస్తుంటుంది. రేడియోలో ఎవరేమన్నారో సెకన్లతో సహా వినిపిస్తుంది. ముందు నోరు విప్పేది లీడర్, ముందు చెప్పుకునేదీ తన తప్పే. ‘ఇక్కడ నేను టర్న్ ఆలస్యంగా పిలిచాను.’ ఎందుకు? ‘రాడార్ చూస్తున్నాను.’ ఆ క్షణంలో రాడార్ నువ్వెందుకు చూడాల్సి వచ్చింది? ‘ఆ పని ఎవరిదో పొద్దున బ్రీఫింగ్‌లో తేల్చలేదు.’ దొరికింది. బోర్డు మీదికి ఎక్కుతుంది, రేపటి ఫ్లైట్‌లో మారుతుంది. మొన్ననే పైలట్ బ్యాడ్జి (వింగ్స్) పెట్టుకున్న కుర్రాడు ‘సార్, నేను మీ ఎడమ పక్కనే ఉన్నాను, మీరు చూడలేదు’ అని కమాండర్ మొహం మీదే అంటాడు. అనకపోతేనే తప్పు. ఆ మాట అన్నందుకు వాడి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు పాడవదు.

ఇందులో చుక్క మందు లేదు. ఉండటానికి వీల్లేదు కూడా. మన దేశంలో ప్యాసింజర్ విమానం నడిపేవాడే డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. యుద్ధ విమానం నడిపేవాడి సంగతి వేరే చెప్పాలా? మన ఎయిర్‌ఫోర్స్‌లో బార్ అంటే ప్రధానంగా ఆఫీసర్స్ మెస్‌లో ఉండేదే. స్క్వాడ్రన్ పగలంతా గడిపేది క్రూ రూమ్‌లో, టీ కప్పుల మధ్య. 2022 డిసెంబర్‌లో కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద సుఖోయ్, తేజస్ విమానాలు రోడ్డును తాకీ తాకనట్టు దూసుకెళ్తుంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. అంత కిందికి దిగి, మళ్లీ లేచి వెళ్లడం వెనక ఎన్ని పూటల మాటలు, ఎన్ని బోర్డులు ఉంటాయో ఫోన్లు పైకెత్తి వీడియో తీసిన మనకు కనపడదు.

బార్ పక్షాన చెప్పే మాటలు లేకపోలేదు. చావుతో రోజూ పని ఉన్నవాళ్లకు నవ్వుకునే చోటొకటి కావాలంటారు. తోటి పైలట్ తిరిగి రాని రాత్రి అందరూ ఒకచోట చేరి అతని పేరు మీద గ్లాసెత్తుతారు, ఆ దుఃఖం ఇంకెక్కడ దించుకుంటారంటారు. కేంబ్రిడ్జ్‌లో ఈగిల్ అనే పబ్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్ర వైమానికులు లైటర్లతో, కొవ్వొత్తులతో దాని పైకప్పు మీద రాసిన పేర్లు, స్క్వాడ్రన్ నంబర్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసి వెక్కిరించే రాతిగుండె నాకు లేదు. కానీ ఆ పైకప్పు చెప్పేది భయం గురించి, వయసు గురించి. బీరు గొప్పతనం గురించి కాదు.

బార్ బంధం అసలు పరీక్ష 1991 సెప్టెంబర్‌లో జరిగింది. లాస్ వెగాస్ హిల్టన్ హోటల్ మూడో అంతస్తు. అమెరికా నౌకాదళ వైమానికుల సంఘం టెయిల్‌హుక్ వార్షిక సదస్సు. గల్ఫ్ యుద్ధం గెలిచొచ్చిన ఊపు. స్క్వాడ్రన్లు తలా ఒక సూట్ తీసుకుని బార్లు తెరిచాయి. ఆ సూట్ల మధ్య కారిడార్‌కి రెండు పక్కలా మగవాళ్లు గోడలకు ఆనుకుని నిలబడ్డారు, మధ్యలోంచి వెళ్లిన ఆడవాళ్ల మీద చేతులు వేశారు. పెంటగాన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్కలో బాధితులు 83 మంది మహిళలు, ఏడుగురు పురుషులు. వాళ్లలో లెఫ్టినెంట్ పాలా కాఫ్లిన్ ఒకరు. ఆమె కూడా పైలటే, హెలికాప్టర్ నడిపేది, ఒక అడ్మిరల్ దగ్గర సహాయకురాలు. ఆమె తన పేరు పెట్టి బయటికొచ్చాకే అమెరికా కదిలింది. నేవీ సెక్రటరీ లారెన్స్ గారెట్ 1992లో రాజీనామా చేశారు.

నన్ను పట్టుకుని వదలనిది అక్కడి అఘాయిత్యం ఒక్కటే కాదు, ఆ తర్వాత జరిగింది. దర్యాప్తు అధికారులు వెళ్లి అడిగితే చాలామంది నోరు మెదపలేదు. చూడలేదన్నారు, గుర్తులేదన్నారు. పగలు డీబ్రీఫ్‌లో ‘నేను టర్న్ ఆలస్యంగా పిలిచాను’ అని నలుగురిలో చెప్పుకునే మనుషులే వీళ్లు. ఒకే మనిషి బోర్డు ముందు నిజం చెప్పాడు, బార్ సంగతి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. రెండు చోట్లా ఉన్నది ఐకమత్యమే. ఒకటి తప్పును బయటికి లాగే ఐకమత్యం, రెండోది తప్పును కప్పిపెట్టే ఐకమత్యం. ఈ తేడా కనపడనివాళ్లే బార్‌ను చూసి మురిసిపోతారు.

ఇరవై ఏళ్లకు కూడా ఆ మొరటుతనం వదల్లేదు. 2012 డిసెంబర్‌లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ చీఫ్ మార్క్ వెల్ష్ అన్ని బేసుల్లో ఆఫీసులు, పనిచేసే గదులు తనిఖీ చేయించారు. అసభ్యమైనవి, అనుచితమైనవి అని 32 వేలకు పైగా వస్తువులు తేలాయి. వెల్ష్ బయటివాడేం కాదు, ఎఫ్-16 నడిపిన మనిషి. ఇప్పుడు గాలి మళ్లీ ఎదురు తిరిగింది. 2025 సెప్టెంబర్ 30న క్వాంటికో సైనిక స్థావరంలో వందలమంది జనరల్స్‌ని కూర్చోబెట్టి అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్ వేధింపు, ర్యాగింగ్ నిర్వచనాలనే సమీక్షిస్తామన్నారు. మొరటుతనం తగ్గితే పౌరుషం తగ్గుతుందని ఆయన భయం. మన దగ్గర 2016 జూన్‌లో దుండిగల్ నుంచి అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారు. వాళ్లు డీబ్రీఫ్‌లో కూర్చుంటే ఏ పౌరుషం తగ్గిందో ఎవరైనా చెప్పాలి.

అమెరికా గొడవ మనకెందుకంటారా? మనకూ స్క్వాడ్రన్ బార్ ఉంది కాబట్టి. దాన్ని సిట్టింగ్ అంటాం.

విజయవాడలో ఏ పెద్ద పనైనా తీసుకోండి. పగలు మీటింగ్ జరుగుతుంది, ఫైలు కదులుతుంది, టీ బిస్కెట్లు వస్తాయి. రాత్రి హోటల్లో భోజనాలు. పదవుతుండగా ఎవరో ఎంతో మర్యాదగా ‘మేడం, లేటవుతోంది, మీరు బయల్దేరండి, డ్రైవర్ కింద ఉన్నాడు’ అంటారు. ఆవిడ లిఫ్టు ఎక్కగానే పై అంతస్తు రూమ్‌లో సీసా మూత ఊడుతుంది. చికెన్ పకోడీ, జీడిపప్పు, ఐసు వస్తాయి. బిల్లు ఎవరికి ఎంత, ఎవరి టెండర్ ఎక్కడ ఆపాలి, ఏ పోస్టింగ్ ఎవరికి, అంతా అక్కడే తేలుతుంది. మర్నాడు పొద్దున ఆవిడ ఏదో అడగబోతే ‘అది రాత్రే అనుకున్నాం మేడం’ అని జవాబు. తాగని మగవాడి గతీ అంతే, కాకపోతే అతనికి కూల్‌డ్రింక్ చేతిలో పెట్టి ఓ మూల కూర్చోబెడతారు. కాంట్రాక్టర్లు, డాక్టర్లు, లాయర్లు, చివరికి మా జర్నలిస్టులు కూడా దీనికి అతీతులు కారు.

మద్యం మీద ఇంత మాట్లాడే రాష్ట్రం మనది. 1992లో దూబగుంట రోశమ్మ లాంటి ఆడవాళ్లు నెల్లూరు జిల్లాలో సారా దుకాణాల మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాదే సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, రెండేళ్లకు పోయింది. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాక చర్చంతా బ్రాండ్లు, 99 రూపాయల సీసా చుట్టూనే. కూలివాడి క్వార్టర్ మీద ఉద్యమాలు, ఎన్నికలు నడిచాయి. దొరగారి సిట్టింగ్‌ను మాత్రం ఒక్క పాలసీ కూడా తాకలేదు. నేనేమీ నిషేధం అడగటం లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు తాగితే నాకేం బాధ. ఊరి పనులు అక్కడ తేల్చొద్దంటున్నాను.

తేలితే ఏమవుతుందో 2024 సెప్టెంబర్ మొదటి వారంలో ఊరంతా నీళ్లలో నిలబడి ఆలోచించాల్సింది. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి, సింగ్ నగర్‌లో మొదటి అంతస్తు దాకా వచ్చిన నీళ్లు రోజుల తరబడి తీయలేదు. ముందుగా సరైన హెచ్చరిక అందలేదని జనం అప్పుడే గట్టిగా అన్నారు. ఆ తర్వాత పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. ఆ గండ్లు ఫలానా సిట్టింగ్ వల్ల పడ్డాయని నేననటం లేదు. తప్పు జరిగాక దాన్ని బోర్డు మీద రాసే అలవాటే మనకు లేదంటున్నాను, ఎందుకంటే మన నమ్మకాలన్నీ గ్లాసుల పక్కన కుదిరినవి. అక్కడ కుదిరిన నమ్మకానికి మొదటి షరతు ఒకరి సంగతి ఒకరు బయటపెట్టకపోవడం.

స్క్వాడ్రన్‌ను కాపీ కొట్టాలని అంత ముచ్చటగా ఉంటే ఆ బోర్డును కాపీ కొట్టండి. బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆ వరద రాత్రి ఏం జరిగిందో నిమిషం నిమిషం రాయండి. ఏ ఫోన్ ఎవరికి వెళ్లింది, మైకు ఆటో ఎన్నింటికి బయల్దేరింది, పడవలు ఎందుకు ఆలస్యమయ్యాయి. ముందు పెద్ద ఇంజనీరు తన తప్పు చెప్పాలి, ఆ తర్వాత గేటు దగ్గర లస్కరు మాట్లాడాలి, అతని మాటకు అతని ఇంక్రిమెంట్ పోకూడదు. మహిళా వీఆర్వో కూడా ఆ గదిలో ఉండాలి. పగలు పదకొండింటికి పెట్టుకోవచ్చు. వచ్చే వానాకాలానికి ముందే అయిపోతుంది, టీ ఖర్చుతో.