పెంట ఏరడానికి పీహెచ్‌డీనా!

ఒక పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫోన్‌లో వీడియో చూస్తూ దేశంకాని దేశం గురించి బాధపడిపోయారు. పెరూలోని అమెజాన్ అడవిలో ఎవరో శాస్త్రజ్ఞులు పడవ ఒడ్డుకు చేర్చి, నీటికుక్కల మలాన్ని చిన్న చిన్న సీసాల్లోకి ఎత్తుకుంటున్నారు. "పెంట ఏరడానికి పీహెచ్‌డీనా! తిన్నదరక్క చేసే పనులు" అని తీర్పు చెప్పి, రెండో బొబ్బట్టు వేయించుకున్నారు. అయిదు వేళ్ళకూ ఉంగరాలున్నవాళ్ళు నెయ్యంటకుండా బొబ్బట్టు తినడం ఎంత కష్టమో ఆ పూటే చూశాను.

ఆయన మాట కాదనను. నిజంగా దండగ పనే. అక్కడి మను నేషనల్ పార్కులో 1990 నుంచీ ఇదే తంతు. క్రిస్టఫ్ షెంక్, ఎల్కే స్టైబ్ అనే ఇద్దరు జర్మన్లు మొదలుపెట్టారు. చీకటుండగానే లేవాలి. దోమలకు రక్తదానం చెయ్యాలి. నది దారి మార్చుకున్నప్పుడు వెనక మిగిలిపోయే వంపు చెరువుల్లో చప్పుడు కాకుండా తెడ్డెయ్యాలి. మన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలు వీటి ముందు పసివాళ్ళు. ఇవి జెయింట్ ఆటర్లు, ముక్కు నుంచి తోక చివరికి దాదాపు ఆరడుగులు. అంత ఒళ్ళున్నా పడవ మరీ దగ్గరికొస్తే బెదిరిపోతాయి. అందుకని దూరం నుంచే వీడియో తీయాలి. కొత్తవాళ్ళెవరా అని అవి నీళ్ళలోంచి నిటారుగా మెడ ఎత్తి చూస్తాయి. అప్పుడు గొంతు మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఒకదాని మచ్చ ఇంకొకదానికి ఉండదు, పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా అదే గుర్తు. ఆ మచ్చలు చూసే ఎవరు ఏ కుటుంబమో, ఎవరు కనబడకుండా పోయారో ఏళ్ళ తరబడి పద్దు రాస్తారు.

ఈ పని మనవాళ్ళకు అప్పగిస్తే ఇంత శ్రమ ఉండేదా? ఒక్క సర్క్యులర్ చాలు. "సదరు నీటికుక్కలు యావన్మందీ కుటుంబ సమేతంగా రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలతో మండలాఫీసులో హాజరు కావలెను." కుటుంబ పెద్ద ఎనిమిది మందిని వెంటేసుకుని వస్తాడు. కౌంటర్ ముందు మెడ ఎత్తి మచ్చ చూపిస్తాడు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, "రికార్డులో మచ్చ అరటిపండులా ఉంది, నీది మామిడికాయలా ఉంది, అఫిడవిట్ పట్రా" అంటాడు. అఫిడవిట్ తెచ్చేసరికి సర్వర్ డౌన్. ఈలోగా పిల్లల్ని ఎత్తుకు మోస్తున్నది తల్లి కాదు, అక్కలూ అన్నలూ అని తేలుతుంది. ఆ ఇళ్ళలో అదే పద్ధతి, ఒక్క జంటే కంటుంది, పెంపకం అందరిదీ. "అయితే గార్డియన్ సర్టిఫికెట్ కావాలి" అంటాడు గుమాస్తా. తలకు రోజుకు మూడు నాలుగు కిలోల చేపలు కావాలని అర్జీ పెట్టుకుంటే, స్టాకులో కందిపప్పే ఉందంటాడు. ఇంటిల్లిపాదికీ ఒకే మరుగుదొడ్డి చదును చేసుకోవడం వాటి ఆచారం గనుక, ఆఫీసు వెనక "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అన్న గోడ పక్కన స్థలం చూసుకుంటాయి. అక్కడ అప్పటికే ఖాళీ ఉండదు. సాయంత్రం అయిదుకు గుమాస్తా షట్టర్ దించుతూ, "మీరు బతికున్నట్టు సర్టిఫికెట్‌కి టైం పడుతుంది. జాతి అంతరించిపోయినట్టయితే ఇప్పుడే ఇచ్చేస్తాను, పట్టుకెళ్ళండి" అంటాడు.

నిజానికి ఆ సర్టిఫికెట్‌కు ఒకసారి అంతా సిద్ధమైంది కూడా. 1946 నుంచి 1973 వరకు ఒక్క పెరూ నుంచే 20 వేలకు పైగా నీటికుక్కల తోళ్ళు అధికారికంగా ఎగుమతయ్యాయి, దొరసానులు తొడుక్కునే కోట్ల కోసం. తోళ్ళ వ్యాపారం ఆగింది, మిగిలినవి కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. అప్పుడు బంగారం వచ్చింది.

పెరూలోని మాద్రే దె దియోస్ ప్రాంతంలో నది ఒడ్డు తవ్వి, ఆ ఇసకలో పాదరసం కలుపుతారు. బంగారం దానికి అంటుకుంటుంది. ఆ ముద్దను కాలిస్తే బంగారం మిగులుతుంది, పాదరసం ఆవిరై గాలిలో కలిసి, తిరిగి నీళ్ళలోనే పడుతుంది. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మరింత విషంగా మారుస్తాయి. చిన్న చేప, పెద్ద చేప, నీటికుక్క, ఆ తర్వాత మనిషి. ఈ సంగతి ఎలా తెలిసింది? చేపల్నీ, ఆ పెంటనీ ల్యాబులో పరీక్షిస్తే! షెంక్, స్టైబ్ మరొక శాస్త్రజ్ఞుడితో కలిసి 1997లో ప్రచురించిన లెక్క అది. పరీక్షించిన చేపల్లో సగానికి పైగా వాటిలో నీటికుక్కలు తట్టుకోగల మోతాదును మించి పాదరసం ఉంది. కొన్నింటిలో మనుషులు తినదగ్గ హద్దు కూడా దాటింది. వింటే కదా! 2016లో పాదరసం దెబ్బకు మాద్రే దె దియోస్‌లో పెరూ ప్రభుత్వమే ఎమర్జెన్సీ ప్రకటించాల్సి వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ళ ముందే సీసాలో పెట్టి చూపిస్తే ముక్కు మూసుకున్నారు. ఏం మనుషులయ్యా! కడుపులో బిడ్డకు కూడా ఎక్కే విషం అది. అది ఎక్కడుందో వెతికేవాడు వెర్రివాడూ, నదిలో పోసేవాడు కష్టజీవీనా?

పెరూ నుంచి ఇండియా కొనే సరుకులో సింహభాగం ఏమిటో తెలుసా? బంగారం. అందులో ఏ గ్రాము పద్ధతైన గనిదో, ఏ గ్రాము దొంగచాటుగా నది తవ్వి తెచ్చిందో కరిగి కలిసిపోయాక దేవుడు కూడా చెప్పలేడు. 916 హాల్‌మార్క్ స్వచ్ఛత చెబుతుంది, ఊరు చెప్పదు. మనమూ అడగం. అక్షయ తృతీయ నాడు ఎండలో క్యూ కట్టి, మజూరీలో ఒక శాతం తగ్గించమని సేల్స్ కుర్రాడి ప్రాణం తోడేస్తాం. బిల్లులో తరుగుంది, మజూరీ ఉంది, మూడు శాతం జీఎస్టీ ఉంది. పాదరసం ఖర్చు మాత్రం మాద్రే దె దియోస్ ఒడ్డున చేపలు తిని పెరిగే పిల్లల ఖాతాలో రాసేశారు.