లైటింగ్ కన్సోల్‌కీ హాలు మధ్యలో ఒక సీటు కావాలి

కొన్నేళ్ల క్రితం ఒక నాటకానికి లైటింగ్ ఆపరేట్ చేశాను. లైట్లన్నిటినీ నడిపే బోర్డు, అంటే కన్సోల్, బాల్కనీ పైన, మందపాటి అద్దం వెనక ఉన్న కంట్రోల్ రూమ్‌లో ఉంది. లైటింగ్ డిజైనర్ కింద పదో వరుసలో కూర్చున్నారు. సాయంత్రపు సీను.

"కొంచెం తగ్గించు బాబూ" అన్నారు ఫోన్లో.
"ఎంత సార్?"
"కొంచెం."
తగ్గించాను.
"అయ్యో, అంత కాదు!"

ఆ ఒక్క సీనుకే ముప్పావుగంట పట్టింది. తీరా కిందికి దిగి చూస్తే, పైనుంచి చల్లటి సాయంత్రంలా ఉన్నది కింద కొలిమిలా మండిపోతోంది. అద్దానికున్న లేత ఆకుపచ్చ ఛాయ నా కళ్లను మోసం చేసింది. ఆయనకు స్టేజీ కనిపిస్తోంది, ఏ లైటు ఎంతలో ఉందో చెప్పే అంకెలు కనిపించవు. నాకు అంకెలు కనిపిస్తున్నాయి, స్టేజీ ఉన్నదున్నట్టు కనిపించదు.

ఈ రెంటినీ ఒకచోటికి తెచ్చేదే రిమోట్ స్టేషన్. కన్సోల్ ఎక్కడున్నా దాని స్క్రీన్, వీలైతే కీబోర్డు కూడా, సీట్ల మధ్య వేసిన టేబుల్ మీదికి వస్తాయి. నేను చూసినంతలో, మన ఆడిటోరియంలను బాగుచేయించేటప్పుడు కొత్త మూవింగ్ లైట్లకు డబ్బు దొరుకుతుంది కానీ, హాలు మధ్యకు ఒక వైరు లాగడానికి దొరకదు. ముందు వైరు, తర్వాతే లైట్లు అంటాను నేను. సరిగ్గా చూసి దిద్దుకునే వీలు లేనప్పుడు ఎన్ని లైట్లుంటే ఏం లాభం?

ఒకప్పుడు లైట్ల వెలుగును పెంచి, తగ్గించే డిమ్మర్లు స్టేజీ పక్కనే ఉండేవి. వాటిని తిప్పేవాళ్లకు సీను పక్కనుంచి సగమే కనిపించేది. 1947లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో జార్జ్ ఐజెనార్ ఎలక్ట్రానిక్ డిమ్మర్లతో పెద్ద కరెంటును ఒకచోట ఉంచి, దాన్ని నడిపే చిన్న కంట్రోల్‌ను ఇంకోచోట పెట్టుకునే దారి చూపించారు. 1975లో బ్రాడ్‌వేలో ‘ఎ కోరస్ లైన్’ అనే సంగీత నాటకానికి లైటింగ్ డిజైనర్ థారన్ మస్సర్ కంప్యూటర్ మెమరీ ఉన్న బోర్డు వాడారు. క్యూలు, అంటే ఏ ఘట్టంలో ఏ లైటు ఎంత వెలగాలో చెప్పే వివరాలు, మెమరీలోకి, అక్కణ్నుంచి స్క్రీన్ మీదికి చేరాక, స్క్రీన్ ముందు లేని డిజైనర్‌కు ఆ వివరాలు లేనట్టే అయింది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "హాల్లో డీఎంఎక్స్ సాకెట్ ఉందిగా, ఇంకేం కావాలి?" అంటారు. 1986లో వచ్చిన డీఎంఎక్స్512 ఒక కేబుల్‌లో 512 ఛానళ్ల విలువలను కన్సోల్ నుంచి డిమ్మర్ల వైపు పంపుతుంది. అంతవరకే. స్క్రీన్‌ను అది మోయదు. స్క్రీన్ కోసం పాతరోజుల్లో పొడవాటి వీడియో కేబుళ్లు లాగేవాళ్లు. దూరం పెరిగేకొద్దీ అక్షరాలు అలుక్కుపోయేవి. ఇప్పుడు ఆ పని మామూలు నెట్‌వర్క్ కేబుల్ చేస్తుంది. రాగి తీగైతే 100 మీటర్ల వరకు వెళ్తుంది. మన హాళ్లలో చాలావాటికి అది సరిపోతుంది.

అయితే చూపించడం వేరు, చేతికివ్వడం వేరు. ఈటీసీ కంపెనీ ఇయోస్ కన్సోళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. మిర్రర్‌గా కలిపిన స్టేషన్ అసలు కన్సోల్ స్క్రీన్‌ను చూపిస్తుందంతే. క్లయింట్‌గా కలిపితే అక్కణ్నుంచి ప్రోగ్రాం కూడా చేయొచ్చు. ఇద్దరూ ఒకే యూజర్ నంబరు పెట్టుకుంటే, ఆదేశాలు టైప్ చేసే కమాండ్ లైన్ ఇద్దరికీ ఒకటే. ఒకరు 34వ ఛానల్‌ను ఎంతలో పెట్టాలో చెప్పడానికి "34 ఎట్" అని టైప్ చేసి ఆలోచిస్తుంటే, రెండోవాళ్లు ఫుల్, ఎంటర్ నొక్కారనుకోండి, లైటు భగ్గుమంటుంది. వేరే నంబర్లు పెట్టుకుంటే ఎవరి పని వాళ్లది. స్టేజ్ మేనేజర్‌కు, డిజైనర్‌కు స్క్రీన్ ఇవ్వడానికి వెనకాడొద్దు. కంట్రోల్ మాత్రం ప్రదర్శన వేళ ఆపరేటర్ ఒక్కరి చేతిలోనే ఉండాలి.

ఫోన్ యాప్‌ల గురించీ అంతే. నిచ్చెనెక్కి స్పాట్‌లు ఫోకస్ చేసేటప్పుడు జేబులోని ఫోన్‌తో ఛానల్ వెలిగించుకోవడం ఎంత హాయో! "ముప్పై నాలుగూ..." అని గొంతు చించుకునే పని తప్పుతుంది. కానీ హాలు నిండి, వందల ఫోన్లు గాల్లో సిగ్నళ్లు పంపుతున్నప్పుడు క్యూలను వైఫై మీద పెట్టుకోవడం అనవసరమైన టెన్షన్. షోకి వైరే దిక్కు.

ఇంకోటి, దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. టేబుల్ మీద స్క్రీన్ బాగా తగ్గించి ఉండాలి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్లగా మెరిసే స్క్రీన్ చూసి తలెత్తితే, స్టేజీ ఉన్నదానికంటే చీకటిగా కనిపిస్తుంది. దాంతో వెలుతురు పెంచుతాం. ప్రదర్శన రోజు ఆ సీను తెల్లారినట్టుంటుంది.

పరిషత్తు పోటీలకు తిరిగే బృందాలకైతే ఇది మరీ అవసరం. కొత్త ఊరు, తెలియని హాలు. లైట్లు సరిచూసుకోవడానికి దొరికే టైమే తక్కువ. ఆ కాస్తా "కొంచెం", "ఇంకొంచెం" అనుకుంటూ ఫోన్లోనే అయిపోతే, కష్టపడి రిహార్సల్ చేసిన నటుల ముఖాలు చీకట్లో ఉండిపోతాయి. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆ నాటకం తర్వాతి ప్రదర్శనకు మేమే ఒక నెట్‌వర్క్ కేబుల్ పట్టుకెళ్లాం. నడవ అంచున టేప్ వేసి అతికించి, పదో వరుస సీట్ల మీద అడ్డంగా ఒక చెక్క వేసి, దానిమీద ల్యాప్‌టాప్ పెట్టాం. సాయంత్రపు సీను వచ్చింది. డిజైనర్ స్టేజీ వైపు చూశారు, స్క్రీన్ వైపు చూశారు. "బాబూ, ముప్పై నాలుగు నలభై ఐదులో ఉంది. నలభైకి తెద్దాం" అన్నారు.